యుద్ధానికి వెళ్లిన తాతగారి ఉత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రంకు పెట్టె అడుగున, పాత శుభలేఖల కట్ట కింద ఒక కవరు దొరుకుతుంది. దాని మీద పంపినవారి ఊరు ఉండదు, ఏదో నంబరు ఉంటుంది. లోపల పెన్సిలుతో రాసిన అర పేజీ. ప్రశ్నలన్నీ అక్కడే మొదలవుతాయి. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యంతో సముద్రం దాటి వెళ్లినవారి ఉత్తరాలు పట్టుకొచ్చేవారు నన్ను ఇంచుమించు ఈ సందేహాలే అడుగుతున్నారు. చెప్పిందే చెప్పడం ఎందుకని ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. వరుసగా చదవనవసరం లేదు.

## ఎవరు, ఎక్కడికి

తెలుగువాళ్లు నిజంగా ఆ యుద్ధాలకు వెళ్లారా? పంజాబు వాళ్లే కదా వెళ్లింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా విదేశాలకు వెళ్లారు. వారిలో పంజాబు, వాయవ్య ప్రాంతాల వారే ఎక్కువ. కొన్ని కులాలు, ప్రాంతాల వారు మాత్రమే యోధులని అప్పటి ప్రభుత్వం నమ్మడం అందుకు ఒక కారణం. అయినా మద్రాసు దళాలు వెళ్లాయి. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర మద్రాసు వైపు పటాలాలు ఉన్నాయి. మద్రాసు సప్పర్లు, అంటే సైన్యంలో ఇంజినీరు పనులు చేసేవారు, మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పనిచేశారు. నిజాం సంస్థానం నుంచి హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం వారు ఈజిప్టు, పాలస్తీనా రంగాలకు వెళ్లారు.

రెండవ యుద్ధంలో ఆ పాత నమ్మకాన్ని పక్కన పెట్టక తప్పలేదు. సైన్యం 25 లక్షలకు పెరిగింది, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ చేర్చుకోవడం జోరుగా సాగింది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని పిలవడం వెనుక రెండు యుద్ధాల చరిత్రా ఉంది.

మరొక మాట. వెళ్లినవారందరూ తుపాకీ పట్టలేదు. వంటవారు, లారీ డ్రైవర్లు, ధోబీలు, ఆస్పత్రి సిబ్బంది, రోడ్లు వేసినవారు వేల సంఖ్యలో ఉన్నారు. "మా తాతగారు వంట మాత్రమే చేశారండీ" అని గొంతు తగ్గించి చెప్పేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. బాంబు పడేటప్పుడు అది వంటవాడిని వదిలిపెట్టదు.

ఏ యుద్ధమో, ఏ దేశమో ఇంట్లో ఎవరికీ తెలియదు. కవరు చూసి చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. స్టాంపు ఉంటే రాజుగారి ముఖం చూడండి. గడ్డం ఉన్నవాడు ఐదవ జార్జి, మొదటి యుద్ధం నాటి రాజు. గడ్డం లేనివాడు ఆరవ జార్జి, రెండవ యుద్ధం నాటివాడు. స్టాంపు మీద అదనంగా ఐ.ఇ.ఎఫ్. అని అచ్చు ఉంటే అది 1914లో భారత దండయాత్ర సైన్యం కోసం విడుదల చేసినది.

ఆ సైన్యాన్ని అక్షరాలతో విడగొట్టారు. ఫోర్స్ ఎ ఫ్రాన్స్‌కు వెళ్లింది. బి, సి తూర్పు ఆఫ్రికాకు, డి మెసొపొటేమియాకు, ఇ, ఎఫ్ ఈజిప్టుకు, జి టర్కీలోని గల్లిపోలికి వెళ్లాయి. చిరునామాలో ఆ ఒక్క అక్షరం కనిపించినా దేశం తెలిసిపోయినట్టే.

గుండ్రటి ముద్రలో ఎఫ్.పి.ఓ. అనీ ఒక నంబరూ ఉంటే అది యుద్ధరంగంలోని తపాలా కార్యాలయం ముద్ర. ఈ కార్యాలయాలు సైన్యంతో పాటు కదులుతూ ఉండేవి. అందువల్ల నంబరు ఒక్కటే చాలదు, తేదీ కూడా కావాలి. ఒకే నంబరు జనవరిలో ఒక దేశంలో, డిసెంబరులో ఇంకో దేశంలో ఉండవచ్చు. తపాలా ముద్రలు సేకరించేవారు ఇటువంటి పట్టికలు తయారుచేసి పెట్టారు. స్టాంపుల సంఘాల వారిని అడిగితే సంతోషంగా చూసి చెబుతారు.

చిరునామాలో ఊరి పేరు లేకుండా ఉత్తరం ఎలా చేరేది?

సైనికుడి నంబరు, పేరు, దళం, తపాలా నంబరు ఉంటే చాలు. ఆ దళం ఎక్కడ ఉందో తపాలా శాఖకు తెలుసు, ఇంటివారికి తెలియదు. శత్రువుకూ తెలియకూడదన్నదే ఉద్దేశం. ఇప్పటికీ అదే పద్ధతి. సైన్యంలో కొడుకు ఉన్న ఏ తెలుగు ఇంట్లో అడిగినా "56 ఎ.పి.ఓ." లేదా "99 ఎ.పి.ఓ." అని చెబుతారు. అది సరిగ్గా ఏ ఊరో ఆ అంకెను బట్టి తెలియదు.

## రాయడం

తాతగారికి చదువు రాదు. మరి ఈ ఉత్తరాలు ఎవరు రాసినట్టు?

పక్కవాడు రాసి ఉంటాడు. దళంలో నలుగురికి చదువు వస్తే నలభై మందికి ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఆస్పత్రుల్లో ఈ పనికి ప్రత్యేకంగా లేఖకులు ఉండేవారు. అందుకే ఒకే తాతగారి ఉత్తరాలు మూడు రకాల దస్తూరీలో కనిపిస్తాయి. ఎవరో కల్పించారని అనుమానించకండి.

రెండవ యుద్ధం నాటికి సైన్యమే అక్షరాలు నేర్పింది. ఇంగ్లీషు లిపిలో రాసే ఉర్దూను రోమన్ ఉర్దూ అనేవారు. సిపాయిలకు అందులోనే పాఠాలు, పరీక్షలు. తెలుగు తాతగారి కాగితాల్లో ఇంగ్లీషు అక్షరాలు ఉండి, చదివితే ఇంగ్లీషు కాకపోతే, బిగ్గరగా పలికి చూడండి. ఉర్దూ వినిపిస్తుంది.

ఇంకొకరి చేత రాయించిన ఉత్తరంలో మాటలు కొంత మారతాయి. లేఖకుడు తనకు అలవాటైన గ్రాంథికంలో పెడతాడు. చెప్పినవాడి గొంతు వినాలంటే వ్యాకరణం తప్పిన వాక్యాల దగ్గర, ఎద్దుల పేర్ల దగ్గర, అప్పుల లెక్కల దగ్గర ఆగండి. అక్కడ లేఖకుడు సొంతంగా అలంకరించడానికి ఏమీ లేదు.

ఉత్తరమంతా "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అనే ఉంది. యుద్ధం గురించి ఒక్క ముక్క లేదేమిటి?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. అడిగేవారి ముఖంలో కాస్త నిరాశ కూడా కనిపిస్తుంది.

ఆ ఉత్తరం ఎంతమంది కళ్ల ముందు నుంచి వెళ్లిందో లెక్కపెట్టండి. రాసిపెట్టిన స్నేహితుడు, దళంలోని అధికారి, సెన్సారు కార్యాలయం, ఊళ్లో చదివి వినిపించిన మాస్టారు లేదా పోస్టుమాను, అరుగు మీద చేరిన చుట్టుపక్కలవారు, చివరికి ఇంటివారు. దళం పేరు, ఊరు, ఓడ పేరు, ఎంతమంది చనిపోయారన్నది రాయకూడదు. రాయగలిగినా, తల్లికి ఏ కొడుకు రాస్తాడు?

ఉభయకుశలోపరి అనే మాట మన ఉత్తరాల్లో యుద్ధాలకు ముందూ ఉంది, తర్వాతా ఉంది. యుద్ధరంగం నుంచి వచ్చినప్పుడు మాత్రం అది మర్యాద కోసం రాసిన మాట కాదు. ఆ తేదీకి మనిషి బతికి ఉన్నాడన్న వార్త అది. కాబట్టి ఉత్తరాలను తేదీల వరుసలో పరచి, మధ్య ఖాళీలు చూడండి. నెలకు రెండు రాసే మనిషి మూడు నెలలు రాయకపోతే ఆ ఖాళీలోనే యుద్ధం ఉంది.

మాటల్లో చెప్పినవారు లేకపోలేదు. 1915 జనవరిలో గాయపడిన ఒక సిపాయి ఇది యుద్ధం కాదని, లోకాంతమని, మహాభారతంలో విన్నటువంటిదని రాశాడు. ఇంకొకరికి నేలంతా పరచుకున్న శవాలు కోసి పడేసిన పనల్లా కనిపించాయి. రైతుబిడ్డకు అంతకంటే దగ్గరి పోలిక ఎక్కడ దొరుకుతుంది!

భార్య పేరు ఒక్కసారి కూడా రాయలేదు. ఆమె మీద ప్రేమ లేదా?

ఉత్తరం తండ్రికో అన్నగారికో రాసేవారు. పదిమందిలో పైకి చదివే కాగితంలో భార్య పేరు పెట్టడం ఆ రోజుల్లో ఇద్దరికీ నామోషీ. "పిల్లలనూ, ఇంట్లో వారినీ అడిగానని చెప్పగలరు" అన్న వాక్యంలో ఆమె ఉంది. "చిన్నవాడికి కొత్త చొక్కా కుట్టించమని చెప్పండి" అంటే ఎవరికి చెప్పమన్నట్టు? మీ బామ్మగారికే. ఈ రకమైన పనులు, జాగ్రత్తలు ఏ ఉత్తరంలో ఎన్ని ఉన్నాయో గుర్తులు పెట్టుకుంటూ చదవండి.

ఒక కార్డులో అచ్చువేసిన ఇంగ్లీషు వాక్యాలు ఉన్నాయి, చాలావాటిని కొట్టేశారు. సంతకం తప్ప ఇంకేమీ లేదు. ఇదేమిటి?

యుద్ధరంగంలో ఇచ్చే సర్వీసు పోస్టుకార్డు. "నేను బాగానే ఉన్నాను", "నన్ను ఆస్పత్రిలో చేర్చారు", "మీ ఉత్తరం అందింది", "వీలు చూసుకుని ఉత్తరం రాస్తాను", "చాలాకాలంగా మీ దగ్గర నుంచి ఉత్తరం లేదు" వంటి వాక్యాలు అచ్చువేసి ఉంటాయి. తనకు వర్తించనివి కొట్టేసి, సంతకం, తేదీ మాత్రం పెట్టాలి. అదనంగా ఏమైనా రాస్తే కార్డును నాశనం చేస్తామని పైనే హెచ్చరిక ఉంటుంది.

సెన్సారుకు చదివే శ్రమ లేదు కనుక త్వరగా కదిలేది. పెద్ద దాడి ముగిసిన మర్నాడు ఇటువంటి కార్డులు గుట్టలుగా బయలుదేరేవి. మీ కార్డులో కొట్టేయకుండా వదిలిన వాక్యాలు ఏమిటో ముందు చూడండి. తర్వాత కొట్టేసినవి చూడండి. "ఆస్పత్రి" అన్న వాక్యాన్ని రెండు గీతలతో గట్టిగా కొట్టేసిన చెయ్యి ఏమి చెప్పదలచుకుందో ఇంట్లోవారికి అర్థమై ఉంటుంది.

## దారిలో

ఉత్తరాలను నిజంగా ఎవరో తెరిచి చదివేవారా?

చదివేవారు. 1914లో భారత సైనికులు ఫ్రాన్స్‌కు చేరిన కొద్ది వారాలకే వారి తపాలాకు ప్రత్యేక సెన్సారు ఏర్పడింది. దాని అధిపతి ఐ.సి.ఎస్. అధికారి ఈవ్లిన్ హోవెల్. కార్యాలయం ఫ్రాన్స్‌లోని బులోన్ రేవులో ఉండేది. 1915 మార్చి నాటికి భారత సైనికులు వారానికి పదివేల నుంచి ఇరవై వేల దాకా ఉత్తరాలు రాసేవారు. అన్నీ చదవడం ఆ కొద్దిమందికి సాధ్యం కాదు. దొరికిన కొన్నింటిని తెరిచి, ముఖ్యమైన వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చి, సైనికుల మనసు ఎలా ఉందో ప్రభుత్వానికి నివేదికలు పంపేవారు.

రెండవ యుద్ధంలోనూ మధ్యప్రాచ్యంలోని భారత సైనికుల ఉత్తరాల మీద ఇటువంటి నివేదికలు తయారయ్యాయి. 1943లో బెంగాల్ కరవు, ఇంటి దగ్గర మండుతున్న ధరలు సైనికులను ఎంతగా కలతపెట్టాయో వాటిలో కనిపిస్తుంది.

ఒక విచిత్రం ఉంది. నిఘా కోసం తయారుచేసిన ఆ నివేదికలే ఇప్పుడు చరిత్రకారులకు పెన్నిధి. అసలు ఉత్తరాలు ఊళ్లలో చెదల పాలయ్యాయి. అనువాదాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి.

మిరియాలు, మిరపకాయలు అంటూ సంకేతాలు వాడేవారట. నిజమేనా?

నిజమే. ఇంగ్లండు ఆస్పత్రి నుంచి వెళ్లిన ఒక ఉత్తరంలో నల్ల మిరియాలు భారత సైనికులు, ఎర్ర మిరపకాయలు తెల్లవారు. నల్లవి అయిపోవస్తున్నాయని, ఎర్రవి అంత ఘాటుగా లేవని రాస్తే చదివేవాడికి సంగతి తెలిసిపోతుంది. సెన్సారుకూ తెలిసిపోయింది, అందుకే అది మన దాకా వచ్చింది! పట్టుబడని సంకేతాలు ఎన్ని ఉన్నాయో ఎవరు చెప్పగలరు?

భారతీయులు ఏదీ సూటిగా చెప్పకుండానే అంతా చెప్పేయగలరని హోవెల్ విసుగుపడ్డాడు. "దీని గురించి అర్థమయ్యేదాకా ఆలోచించు" అన్న వాక్యం కనిపిస్తే లోపల ఏదో దాచారని అర్థం అంటాడు. మీ తాతగారి ఉత్తరంలో ఇంటికి సంబంధం లేని పంట గురించో, సరుకు గురించో అకస్మాత్తుగా ఒక మాట వస్తే ఆగి చూడండి. అలాగని ప్రతి వంకాయలోనూ రహస్యం వెతకకండి. చాలాసార్లు వంకాయ అంటే వంకాయే.

ఉత్తరం చేరడానికి ఎన్నాళ్లు పట్టేది?

ఫ్రాన్స్ నుంచి మార్సే రేవు, సూయజ్ కాలువ, బొంబాయి మీదుగా ఊరు చేరడానికి నెల దాకా పట్టేది. జవాబు రావడానికి మరో నెల. అంటే "అమ్మాయికి జ్వరం తగ్గిందా?" అన్న ప్రశ్నకు సమాధానం వచ్చేసరికి అమ్మాయి బడికి వెళుతూ ఉంటుంది, లేదా అసలు ఉండదు. అందుకే జవాబులు ప్రశ్నలతో పొసగనట్టు కనిపిస్తాయి. ఒక ఉత్తరం మరొకదానికి ఎదురువచ్చి, దారిలో దాటిపోయేది.

అరచేతి అంత ఫోటో కాగితం మీద చిన్న అక్షరాలతో ఉత్తరం ఉంది. ఎవరు తీసిన ఫోటో?

రెండవ యుద్ధం నాటి ఎయిర్‌గ్రాఫ్ అయి ఉంటుంది. మధ్యధరా సముద్రం ప్రమాదకరంగా మారి, బ్రిటన్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చినప్పుడు ఈ ఉపాయం వచ్చింది. 1941లో కైరో, లండన్‌ల మధ్య మొదలైంది. ఒక ఫారం మీద ఉత్తరం రాస్తే దాన్ని చిన్న ఫిల్ము మీద ఫోటో తీసేవారు. ఆ ఫిల్ము విమానంలో వెళ్లేది. చేరినచోట కాగితం మీద ముద్రించి బట్వాడా చేసేవారు.

అమెరికా సైన్యం ఇదే పద్ధతిని 1942లో వి-మెయిల్ పేరుతో మొదలుపెట్టింది. 37 సంచుల్లో 2,575 పౌన్లు తూగే లక్షన్నర ఉత్తరాలు ఒకే సంచిలో, 45 పౌన్లలో ఇమిడిపోయాయి. అక్షరాలు చీమల బారులా కనిపిస్తే భూతద్దం వాడండి. అది ఫోటో కాబట్టి ఎండ తగిలితే వెలిసిపోతుంది.

## ఇంటి వైపు

డబ్బు ఎలా పంపేవారు?

మొదటి యుద్ధం నాటికి సిపాయి నెల జీతం 11 రూపాయలు. అందులో కొంత భాగం నేరుగా ఇంటికి చేరేలా రాసి ఇవ్వవచ్చు. యుద్ధరంగంలోని తపాలా కార్యాలయం నుంచి మనియార్డరు కూడా పంపవచ్చు.

మనియార్డరు ఫారం అడుగున రెండు ముక్కలు రాసే చోటు ఉంటుంది. ఆ చిన్న ముక్క మీ పెట్టెలో దొరికితే జాగ్రత్త చేయండి. ఇంకో సంగతి చాలామందికి తోచదు. డబ్బు అందుకున్నవారి సంతకమో, వేలిముద్రో ఉన్న రశీదు పంపినవాడికి తిరిగి వెళుతుంది. చదువురాని తల్లి కొడుకుకు తన చేత్తో పంపగలిగిన ఒకే ఒక గుర్తు ఆ నీలి వేలిముద్ర. అది అందిందంటే అమ్మ బతికి ఉన్నట్టు.

మా బామ్మ రాసిన జవాబులు ఎందుకు దొరకవు?

సైనికుడు వాటిని దాచుకునే వీలు లేక. సంచిలో బరువు, కందకంలో తడి, శత్రువు చేతికి చిక్కితే ప్రమాదం. గాయపడితే సామాను వెనకే ఉండిపోతుంది. అందువల్ల మన దగ్గర సంభాషణలో సగమే మిగిలింది. ఆ సగం నుంచే రెండో సగాన్ని ఊహించాలి. "కోడలు పుట్టింటికి వెళ్లిందని రాశారు" అని తాతగారు రాస్తే, ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరంలో ఒక వాక్యం మీకు దొరికినట్టే.

ఇక్కడ భయం ఎప్పుడూ ఒకవైపే ఉండేదనుకోకూడదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఎడారిలో ఉన్న ఉత్తరాంధ్ర సైనికుడికి ఆ కబురు ముందు అందితే, ఇంటి ఉత్తరం అందేదాకా రాత్రులు ఎలా గడిచి ఉంటాయి! క్షేమం అడగవలసిన వంతు ఆ ఏడాది అతనిది అయింది.

రాజభవనం బొమ్మ ఉన్న పోస్టుకార్డు పంపారు. తాతగారు అక్కడ ఏమి చేస్తున్నారు?

గుమ్మటాలతో మన కోటలా కనిపిస్తే అది ఇంగ్లండులోని బ్రైటన్ పెవిలియన్ కావచ్చు. ఒకప్పటి రాజుగారి విలాస భవనం. 1914 డిసెంబరు నుంచి గాయపడిన భారత సైనికులకు ఆస్పత్రి. మతాచారాల కోసం తొమ్మిది వంటశాలలు పెట్టారు, నీళ్ల కుళాయిలు కూడా వేరు. ఆ వైభవాన్ని ప్రభుత్వం బొమ్మలు తీయించి బాగా ప్రచారం చేసుకుంది. కాబట్టి బొమ్మ వైపు కన్నా రాసిన వైపు ఎక్కువ చూడండి. అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని దహనం చేసిన పాచమ్ కొండపైన ఛత్రి అనే స్మారకం 1921 నుంచి ఉంది.

## కబురు ఆగిపోతే

రెండేళ్ల పాటు ఒక్క ఉత్తరమూ లేదు, తర్వాత మళ్లీ మొదలయ్యాయి. ఏమై ఉంటుంది?

తేదీలు చూడండి. ఖాళీ 1915 డిసెంబరులో మొదలైతే మెసొపొటేమియాలోని కుట్ ముట్టడి గుర్తుకు రావాలి. ఆ పట్టణం 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. సుమారు 13,000 మంది తుర్కుల చేతికి చిక్కి, ఎడారి మీదుగా నడిపించబడ్డారు. వారిలో ఎక్కువ మంది భారతీయులు. చాలామంది తిరిగి రాలేదు.

ఖాళీ 1942 ఫిబ్రవరిలో మొదలైతే సింగపూర్. ఆ నెల 15న అక్కడ నలభై వేలకు పైగా భారత సైనికులు బందీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, మిగిలినవారు బందీలుగానే ఉండి దూర ద్వీపాల్లో కూలిపని చేశారు. బందీ శిబిరం చేరిన వారంలోపు ఇంటికి కార్డు రాయనివ్వాలని 1929 జెనీవా ఒప్పందం చెబుతుంది. జపాన్ దాని మీద సంతకం చేసింది కానీ ఆమోదించలేదు. జపాన్ బందీల నుంచి వచ్చిన కార్డుల్లో పాతిక మాటలకు మించకూడదన్న నియమం ఉండేది.

తాతగారు ఏ వైపు వెళ్లారన్నది కొన్ని ఇళ్లలో ఇప్పటికీ పెద్దగా మాట్లాడరు. ముందు తేదీలు చూసుకుని, తర్వాత పెద్దవాళ్లను అడగండి.

బందీల గొంతు రికార్డు చేశారని విన్నాను. అది ఇంటికి పంపడానికా?

కాదు. మొదటి యుద్ధంలో బెర్లిన్ దగ్గర వున్స్‌డోర్ఫ్‌లో అర్ధచంద్ర శిబిరం అనే చోట భారతీయ బందీలను ఉంచారు. జర్మన్ పండితులు భాషలను అధ్యయనం చేయడానికి వారిచేత మాట్లాడించి, పాడించి రికార్డు చేశారు. 1916 డిసెంబరు 11న మల్ సింగ్ అనే పంజాబీ సైనికుడు గొట్టం ముందు నిలబడి, అనగనగా ఒక మనిషి అన్నట్టు తన కథే చెప్పాడు. ఆ మనిషి హిందుస్థాన్‌లో వెన్న తినేవాడు, యుద్ధానికి వచ్చి చిక్కుబడ్డాడు, ఇంటికి వెళ్లాలనుకుంటున్నాడు. అది ఇంటివారికి రాయవలసిన ఉత్తరమే. వినవలసినవారు వినలేదు. ఇప్పుడు అది బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ఉంది.

ఆయన చనిపోయారని కబురు ఎలా వచ్చింది? ఇంట్లో ఆ కాగితమే లేదు.

తంతి ద్వారానో, దళం కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ద్వారానో తెలిసేది. కొన్నిచోట్ల తాలూకా ఉద్యోగి వచ్చి చెప్పేవాడు. ఆ కాగితం దొరకకపోవడానికి మన ఆచారమే కారణం కావచ్చు. అశుభ వార్త ఉన్న ఉత్తరాన్ని గడప లోపలికి తేకుండా, చదివి చింపేయడం చాలా ఇళ్లలో ఉండేది. పింఛను కాగితాలు మాత్రం దాచేవారు. వాటిలో సైనికుడి నంబరు ఉంటుంది, వెతకండి.

మెసొపొటేమియాలో చనిపోయినవారి కోసం కట్టిన బస్రా స్మారకం మీద పేరు లేదని కంగారుపడవద్దు. అక్కడ సాధారణ భారత సిపాయిల పేర్లు గోడ మీద చెక్కలేదు, ఒక పుస్తకంలో నమోదు చేసి సరిపెట్టారు. అధికారుల పేర్లు మాత్రం చెక్కారు. అది పొరపాటని కాదు, అన్యాయమని నా అభిప్రాయం.

## ఇప్పుడు

తాతగారి వివరాలు ఎక్కడ వెతకాలి?

చనిపోయినవారైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైటులో పేరుతో వెతకవచ్చు. తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చిత్రవధ చేశారు. వెంకటస్వామి నాలుగు రకాలుగా ఉండవచ్చు. అందుకే నంబరుతో, ఊరి పేరుతో, తండ్రి పేరుతో కూడా ప్రయత్నించండి.

తిరిగి వచ్చినవారైతే వారి దళం రికార్డు కార్యాలయానికి రాయాలి. మద్రాసు రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాసు సప్పర్లది బెంగళూరు. రాసే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, అర్జీ ఎలా పెట్టాలో చెబుతారు. మొదటి యుద్ధంలో బందీ అయ్యారనుకుంటే జెనీవాలోని రెడ్‌క్రాస్ వారు నాటి సూచిక కార్డులను ఇంటర్నెట్‌లో పెట్టారు.

తేదీకి బదులు "చిత్రభాను" అని ఉంది. ఏ సంవత్సరం?

1942 ఉగాది నుంచి 1943 ఉగాది వరకు. మొదటి యుద్ధానికి ఆనంద 1914, రాక్షస 1915, నల 1916, పింగళ 1917, కాళయుక్తి 1918. రెండవ యుద్ధానికి ప్రమాది 1939, విక్రమ 1940, వృష 1941, చిత్రభాను 1942, స్వభాను 1943, తారణ 1944, పార్థివ 1945. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న నెలలకు ఇంగ్లీషు సంవత్సరం ఒకటి కలపాలి. ఈ ఒక్క పట్టికతో అయోమయంగా ఉన్న కట్టలు ఎన్నో వరుసలో పడ్డాయి.

కాగితం విరిగిపోతోంది. లామినేషన్ చేయించమంటారా?

వద్దు. ఒకసారి చేయిస్తే మళ్లీ విడదీయలేరు, వేడికి సిరా చెడుతుంది. అంటించే టేపు కూడా వద్దు. ముందుగా ఉత్తరం రెండు వైపులూ, కవరు రెండు వైపులూ స్కాన్ చేయండి. కవరును పారేసేవారే ఎక్కువ, సగం సమాచారం దాని మీదే ఉంటుంది.

మడతలు తెరిచి, ఆమ్లం లేని కాగితాల మధ్య పరచి, చీకటిగా పొడిగా ఉన్న చోట పెట్టండి. ఊదా రంగు పెన్సిలు రాతను తడి చేతితో తాకకండి. అది నీటికి సిరాలా కరిగే రకం. పురుగుల కోసం ఎండు వేపాకు వేస్తే గుడ్డలో మూటకట్టి, కాగితానికి తగలకుండా పక్కన ఉంచండి. వెనుక పెన్సిలుతో తేదీ రాయాలనిపిస్తే ఉత్తరం మీద కాకుండా విడి చీటీ మీద రాసి జతచేయండి.

అప్పులు, గొడవలు కూడా ఉన్నాయి. బంధువులందరికీ పంపవచ్చా?

అది మీ ఇంటి నిర్ణయం. నేనైతే ముందు వయసులో పెద్దవారికి చదివి వినిపిస్తాను. పొలం తగాదా ఉన్న పేజీని వాట్సాప్ గుంపులో పెట్టి, ఎనభై ఏళ్ల కిందటి గట్టు తగువును మళ్లీ రేపినవారిని చూశాను. ఆ ఉత్తరంలో తాతగారు అడిగిందల్లా తూర్పు గట్టు మీది తాటిచెట్లు కొట్టవద్దనే.